అభ్యంతరం లేని రైలు

మా ఊరికి లోకల్ రైలు వచ్చేసినట్టేనని మంత్రిగారు మైకులో ప్రకటించారు. ఇక అనుమతి, పట్టాలు, రైలు మాత్రమే మిగిలాయన్నారు. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. నేనిక్కడ సెలూన్ నడుపుతాను. మా ఆవిడ వంతెన అవతలి ఊళ్ళో నర్సు. రెండు బస్సులు మారాలి కనక పదిహేను రోజులకోసారి వస్తుంది. రైలు పడితే రోజూ ఇంటికొస్తుంది.

చట్టప్రకారం అనుమతికి ముందు ప్రజాభిప్రాయ సేకరణ జరగాలి. అనుమతుల అధికారిగారు మహా నిష్ఠాపరులు. మూడుసార్లు సభ పెట్టారు. మూడుసార్లూ ఊరంతా వచ్చి "రైలు కావాలి" అని అరిచి వెళ్ళింది. ఆయన దిగాలుగా వచ్చి నా కుర్చీలో కూలబడ్డారు.

"ఫారంలో తొమ్మిదో గడి ఉందయ్యా. 'వచ్చిన అభ్యంతరాలు, వాటి పరిష్కారం' అని. అది ఖాళీగా ఉందని పైవాళ్ళు ఫైలు తిప్పి పంపుతున్నారు."

"ఏమీ రాలేదని రాయండి సార్."

"రానివాటిని పరిష్కరించామని ఎలా రాస్తాం? అబద్ధం కదూ! నువ్వొకటి చెప్పు బాబూ, చిన్నది. అరగంటలో కొట్టిపారేస్తాను."

అంతటి నిజాయితీపరుడి మాట తీసెయ్యలేకపోయాను. రైలు కూతకు చెయ్యి వణికి, గడ్డం గీస్తుంటే కత్తి జారుతుందని రాసిచ్చాను. ఆయన నన్ను కావలించుకున్నంత పని చేశారు.

అభ్యంతరం అందాక నిపుణుల కమిటీ వెయ్యాలట. వారంలో ముగ్గురు నిపుణులు టేపూ స్టాప్‌వాచీ పట్టుకుని సెలూన్‌లో దిగారు. వాళ్ళలో గుబురు మీసాల పెద్దాయన గడ్డం గీయించుకోడానికి కుర్చీలో కూర్చున్నారు. పరీక్షకు రైలు లేదు కనక ఆ బాధ్యత అధికారిగారే స్వీకరించారు. వీధి చివరినుంచి రెండు చేతులూ చక్రాల్లా తిప్పుకుంటూ, టై ఎగురుతుండగా పరుగెత్తుకొచ్చి, గుమ్మంలో "కూ..." అన్నారు.

నేను పళ్ళు బిగబట్టాను. కత్తి జారలేదు.

"ఇది ప్యాసింజరు," అన్నాడు రెండో నిపుణుడు. "ఎక్స్‌ప్రెస్ కూడా చూడాలి."

ఈసారి అధికారిగారు ఇద్దరు గుమాస్తాలను బోగీలుగా తగిలించుకుని బయల్దేరారు. మలుపులో వెనక బోగీ పట్టాలు తప్పి కూరగాయల బండి మీద పడింది. నవ్వాపుకోలేకపోయాను. పెద్దాయన మీసం సగం తెగి ఒళ్ళో రాలింది.



"అభ్యంతరం రుజువైంది," అన్నారాయన, మిగిలిన సగం తడుముకుంటూ.

నెల తిరక్కుండా మంత్రిగారు మళ్ళీ మైకు పట్టుకున్నారు. ఒక్క సామాన్యుడి చెంప కోసం ఎంత పెద్ద రైలునైనా వదులుకునే ప్రభుత్వం ఇదని ప్రకటించారు. చప్పట్లు మోగాయి. అధికారిగారు ఆనందబాష్పాలతో సెలూన్‌కి వచ్చారు. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఆయన చేతిమీదుగా పూర్తయిన మొదటి ఫైలట ఇది. ప్రజాస్వామ్యానికి నేను చేసిన సేవకు గుర్తుగా నా చేతిలో ఒక కార్డు పెట్టారు. ఆ లైనులో జీవితాంతం ఉచిత ప్రయాణం, భార్యతో సహా.

మా ఆవిడకి ఫోన్ చేసి అంతా చెప్పాను. నాకు ఏడుపొచ్చింది.

"ఫస్ట్ క్లాసేనా?" అంది.