సహజ ధ్వనికి భంగం కలిగించవద్దు

స్నేహితులతో కలిసి కారులో కొండల్లోకి బయల్దేరేవాళ్లకు నాది ఒకటే సలహా. పొరపాటున కూడా మాట్లాడుకోకండి!

ముఖం చిట్లించకండి. ఇదేదో ఆషామాషీగా అంటున్న మాటనుకునేరు. అయిదు రోజులు, నలుగురు మిత్రులు, ఒకే కారు, పద్నాలుగు వేల అడుగుల ఎత్తు. ఇంత అనుభవం మీద చెబుతున్నాను. మనుషుల మధ్య స్నేహం నాలుగు కాలాలు నిలవాలంటే ఫోన్ ఒక్కటే దిక్కు. దానికి కెమెరా తగిలించిన మహానుభావుడెవరో గానీ, కనిపిస్తే సాష్టాంగపడతాను.

ఫోన్లు లేని రోజుల్లో జనం ఇలాంటి ప్రయాణాలు ఎలా చేసేవారో తలుచుకుంటే జాలేస్తుంది. కారెక్కగానే మొదలయ్యేది. ఒంట్లో ఎలా ఉంది, పిల్లలేం చేస్తున్నారు, ఆ రోజు హాస్టల్లో నా దుప్పటి దాచింది నువ్వు కాదూ... ఇలా గంటలకు గంటలు! పాత కోపాలన్నీ బయటికొచ్చేవి. ఎవరో ఒకరు కళ్లనీళ్లు పెట్టుకునేవారు. ఇంకొకరు ఓదార్చేవారు. ఇంత హడావుడిలో కొండల్ని చూసేదెవరు?

మేం చూశాం. ఒక్కో కొండనీ మూడేసి ఫోన్లలోంచి, నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి చూశాం.

ముందు మా కారులోని వాళ్లను పరిచయం చేస్తాను. స్టీరింగ్ దగ్గర ఇనుప సామాన్ల కొట్టు యజమాని. మేకుల నుంచి గొళ్లాల దాకా వాడి దగ్గర దొరకని వస్తువు లేదు. ప్రతి మలుపులోనూ కారాపి, మంచు శిఖరం ముందు నిలబడి ఫొటో దిగి, కింద "గట్టి తలుపు గొళ్లాలకు మమ్మల్నే సంప్రదించండి" అని రాసి ఖాతాదారులందరికీ కనబడేలా స్టేటస్ తయారుచేసుకునేవాడు. వాడి పక్కన పళ్ల డాక్టరు. వెనక సీట్లో నేను. నా పక్కన లెక్కల మాస్టారు.

చిక్కంతా ఈ మాస్టారితోనే.

ముప్పై ఏళ్ల కిందట మేం నలుగురం ఒకే హాస్టలు గదిలో ఉండేవాళ్లం. ఈ ప్రయాణం ఆ గదిలో అనుకున్నదే. అనుకుని, మానుకుని, మళ్లీ అనుకుని ఇన్నేళ్లు లాక్కొచ్చాం. ఈ ఏడు మాత్రం మాస్టారు పట్టుబట్టాడు. వచ్చే నెల కుదరదు, ఈ నెలే వెళ్లాలన్నాడు. డాక్టరుకు అపాయింట్‌మెంట్లున్నాయి, నాకు పత్రికకు రాసే కాలమ్ గడువుంది. ఏమిటా తొందర, కొండలెక్కడికైనా పారిపోతాయా అని కసిరాం.

"కొండలు పోవులేరా" అన్నాడు మాస్టారు. ఆ పైన ఏమీ అనలేదు. మేమూ అడగలేదు. మిత్రుల్ని గుచ్చి గుచ్చి అడిగే దురలవాటు మాకెవరికీ లేదు.

పైగా వాడిదొక షరతు. కారులో పాటలు పెట్టకూడదట, మాట్లాడుకోవాలట! విన్నారా? వాడికి మొన్నటిదాకా బటన్ల ఫోనే. ఫోనున్నది మాట్లాడడానికేనని నమ్మే అమాయకుడు. ఈ ప్రయాణం కోసమని కూతురు తన పాత ఫోనొకటి చేతిలో పెట్టి, మా గ్రూపులో చేర్పించి పంపింది. దాన్ని కళ్లజోడు పెట్టెలో భద్రంగా దాచుకున్నాడు.

ఇక డాక్టరు సంగతి. వాడి క్లినిక్‌లో లోపల డ్రిల్ మోగడం మొదలవగానే, బయట కూర్చున్నవాళ్లు ఒక్కొక్కరే చెప్పులేసుకుని జారుకుంటున్నారు. అందుకని వెయిటింగ్ హాల్లో ఇంత పెద్ద టీవీ కొని తగిలించాడు. అందులో సెలయేళ్లు, మంచు, గాలి చప్పుడు పెడితే జనం ఒళ్లు మరిచి కూర్చుంటారని వాడి పథకం. దానికి వాడి మాటల్లోనే చెప్పాలంటే "సహజ ధ్వని" కావాలి. మధ్యలో మనిషి గొంతు వినబడితే వీడియో పనికిరాదు. కాబట్టి బయల్దేరిన పూటే ఒక నియమం పెట్టాడు. ఎవరైనా ఫోనెత్తి చూపుడువేలు పైకి లేపితే మిగతావాళ్లందరూ తక్షణం నోరు మూసుకోవాలి.

ఎంత చక్కటి నియమమో చూడండి! అపార్ట్‌మెంట్ సంఘం మీటింగుల్లో, బావమరుదులందరూ కలిసే పెళ్లిళ్లలో దీన్ని అమలుచేస్తే లోకం ఎంత బాగుపడుతుంది!

మొదటి రోజే అది పనికొచ్చింది. లోయలోకి దిగుతుండగా మాస్టారు గొంతు సవరించుకుని, మాకొక మాట చెప్పాలన్నాడు. వేలు లేచింది. నది కనబడింది మరి! పన్నెండు నిమిషాలు తీశాం. తర్వాత మళ్లీ చెప్పబోయాడు. కొట్టువాడి స్టేటస్ వేళయింది. ఆ తర్వాత ఆకలి వేళయింది. పాతికేళ్లుగా అరవై మంది పిల్లల్ని ఒక్క అదిలింపుతో కూర్చోబెట్టిన మనిషి, ఒక్క వేలు చూసి చేతులు కట్టుకుని కూర్చున్నాడు. చదువు చెప్పేవాళ్లకు క్రమశిక్షణ ఎవరూ నేర్పరంటారు. మేం నేర్పాం.

వాడి గొంతు అప్పటికే గరగరలాడుతోంది. కొండగాలి పడలేదన్నాడు కొట్టువాడు. సుద్దపొడి మింగీ మింగీ అలా అయిందన్నాను నేను. రెండో రోజు డాక్టరు జాలిపడి, రోడ్డు పక్కన నిలబెట్టి నోరు తెరిపించి, ఫోన్ లైటు వేసి చూశాడు. పళ్లు రాళ్లలా ఉన్నాయి, ఇక మూసుకోమన్నాడు. రోజుకు ముప్పై నోళ్లలోకి తొంగిచూసే మనిషి చెప్పాక ఇంకేం కావాలి? పళ్లు దాటి లోపలికి చూడడం వాడి శాఖ కాదు కదా.

ఆ రోజే కనుమ దాటాం. అక్కడ నాలుగడుగులు వేస్తేనే రొప్పు వస్తుంది. కొట్టువాడు మాత్రం గాల్లోకి ఎగిరిన ఫొటో కావాలని పదిహేడుసార్లు ఎగిరి, పద్దెనిమిదోసారి మంచులో వెల్లకిలా పడ్డాడు. మాస్టారు పరుగెత్తి లేపబోయాడు. ఫ్రేములోకి అడ్డం వస్తున్నాడని మేం కేకేసి ఆపాం. పడ్డ వీడియో బ్రహ్మాండంగా వచ్చింది.

దిగువన గొర్రెలమంద దారికడ్డం వచ్చింది. ముగ్గురం ఫోన్లెత్తాం. అటు కాపరి కూడా సంచిలోంచి ఫోన్ తీసి మమ్మల్ని తీశాడు. ఒక్క మాట లేకుండా ఇరుపక్షాలూ తృప్తిగా విడిపోయాం. దేశాలన్నీ ఇలా నడుచుకుంటే యుద్ధాలుంటాయా?

మూడో రోజు ఒక టీ కొట్టు దగ్గర ఆగాం. రేకుల గది, పొయ్యి, పొయ్యి వెనక ఒక పెద్దావిడ. ఆవిడ భాష మాకు రాదు, మా భాష ఆవిడకు రాదు. మేం మబ్బులు తియ్యడానికి బయట నిలబడ్డాం. మాస్టారు లోపల పొయ్యి పక్కన పీట మీద కూర్చుని అరగంటసేపు ఏదో చెప్పాడు. ఆవిడ చెంపకు చెయ్యి ఆనించుకుని వింది. మధ్యలో రెండుసార్లు లేచి వేడినీళ్లిచ్చింది. కిటికీ అద్దంలోంచి నేనది వీడియో తీశాను. అద్దం అడ్డం కాబట్టి మాట ఒక్కటీ పడలేదు. పెదవులు కదలడం కనబడుతుంది, అంతే. "భాషకందని బంధం" అని పేరు పెట్టి తర్వాత గ్రూపుల్లో వదిలితే తొంభై నాలుగు మంది మెచ్చుకున్నారు.

బయటికొచ్చాక, ఆవిడకేం చెప్పావురా అని అడిగాను.

"మీకు చెప్పాల్సిందే చెప్పి చూశాన్రా. నోట్లోంచి వస్తుందో రాదో అని."

అయితే మాకూ చెప్పమన్నాను, పెద్ద మనసు చేసుకుని. వాడు నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే మబ్బు చీలి శిఖరం బయటపడింది! మీరే చెప్పండి, శిఖరం రోజూ కనిపిస్తుందా? మాస్టారంటే ఎప్పుడూ ఉండేవాడే.

నాలుగో రోజు వాడు మాట ఎత్తలేదు. కారులో నిశ్శబ్దం ఎంత బాగుందో! డాక్టరు ఏకంగా నలభై నిమిషాల వాన చప్పుడు పట్టాడు.

అయిదో రోజు దిగి వచ్చేస్తుండగా చివరిసారి ప్రయత్నించాడు. కొట్టువాడు మలుపుల్లో ఉన్నాడు, నేను ఫొటోలు ఏరుకుంటున్నాను. డాక్టరు వెనక్కి తిరగకుండానే పరిష్కారం చెప్పాడు.

"గ్రూపులో పెట్టరా. తీరిగ్గా చూస్తాం."

మాస్టారు కళ్లజోడు పెట్టెలోంచి ఫోన్ తీశాడు. ఒక్క వేలితో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, గంటసేపు రాశాడు. సిగ్నల్ లేక అది అలాగే ఆగిపోయింది. కింద ఊళ్లోకి రాగానే నాలుగు ఫోన్లూ ఒక్కసారిగా మోగాయి. మూడు వందల ఎనభై ఫొటోలు ధారగా దిగాయి. వాటి మధ్య ఎక్కడో మాస్టారి మెసేజీ దిగింది. పొడుగ్గా ఉంది. నేను వెంటనే బొటనవేలు పెట్టాను. కొట్టువాడు రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టాడు. డాక్టరు చప్పట్లు పెట్టాడు. ఇంత చురుగ్గా స్పందించే మిత్రులు మీకెవరికైనా ఉన్నారా?

మాస్టారు ఫోన్ వంక చూశాడు. మా వంక చూశాడు. ఫోన్ మళ్లీ పెట్టెలో పెట్టేసి, ఇల్లు చేరేదాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాడు.

పదకొండు రోజుల తర్వాత వాడి భార్య ఫోన్ చేసింది. మెసేజీ పెట్టొచ్చు కదా? కొందరికింకా ఆ అలవాటు పోలేదు. ఆపరేషన్ బాగా జరిగిందని, ప్రాణానికి భయం లేదన్నారని చెప్పింది. ఏ ఆపరేషన్ అమ్మా అన్నాను.



"అదేంటన్నయ్యా, మీ ముగ్గురికీ చెప్పానన్నారే. మీరు బొటనవేలు కూడా పెట్టారట కదా."

గొంతులో కణితి. స్వరపేటిక మొత్తం తీసేశారు. ఇక వాడికి మాట రాదు. డాక్టర్లు ఒక నెల ముందే చెప్పారట. కొండల నుంచి వచ్చిన మర్నాడే ఆస్పత్రిలో చేరాడట. ఇవన్నీ ఆమె నింపాదిగా చెప్పి, చివరికి అసలు విషయానికొచ్చింది. మనవరాలు మూడు నెలల పసిగుడ్డు. పెద్దయ్యాక తాతయ్య గొంతు వినిపించాలి. బయల్దేరేముందు కూతురు నాన్న వెంటపడిందట, నాలుగు మాటలు రికార్డు చేసుకుంటానని.

"అక్కర్లేదన్నారన్నయ్యా. అయిదు రోజులూ వాళ్లతో వాగుతూనే ఉంటాను, వాళ్ల ఫోన్ల నిండా నా గొంతే ఉంటుంది, వచ్చాక అడిగి తీసుకోండి అన్నారు. కొంచెం వెతికి పంపుతారా?"

పంపుతానన్నాను.

ముగ్గురం డాక్టరు వెయిటింగ్ హాల్లో కూర్చున్నాం. క్లినిక్ మూసేసి, వీడియోలన్నీ ఆ పెద్ద టీవీలో మొదటి నుంచీ వేసుకున్నాం. తొమ్మిది గంటల నిడివి. నది, గాలి, గొర్రెల మెడల్లో గంటలు, వాన. సహజ ధ్వని అద్భుతంగా వచ్చింది. మాస్టారి గొంతు మాత్రం ఎక్కడా లేదు. డాక్టరు రిమోట్ పట్టుకుని, తన పని ఇంత బాగా చేసినందుకు తలెత్తలేకపోయాడు. ఆ మెసేజీ అప్పుడు చదివాం. మొదటి వాక్యం, "ఒరేయ్, ఇది నోటితోనే చెప్పాలనుకున్నాను" అని ఉంది.

మళ్లీ వేసుకుని వింటే, మొదటి రోజు వీడియోలో, నది మలుపు దగ్గర, ఒక్కచోట వాడి గొంతు దొరికింది. నాలుగు సెకండ్లు.

"ఒరేయ్, మీకో మాట చెప్పా..."

దాని మీదే ఇంకో గొంతు. "ష్, రికార్డవుతోందిరా!"

ఆ రెండోది డాక్టరుదై ఉంటుందని మీరు అనుకుంటారు. నేనూ అదే ఆశపడ్డాను. నాదే.

ఫోన్లో కత్తిరించే సదుపాయం ఉంటుంది. నా ముక్క తీసేసి పంపుదామని సాయంత్రందాకా కుస్తీపట్టాను. రెండు గొంతులూ ఒకదాని మీద ఒకటెక్కి ఉన్నాయి. నాది తీస్తే వాడిదీ పోతోంది. చివరికి ఉన్నదున్నట్టే పంపాను. మా మాస్టారి మనవరాలు తాతయ్య గొంతు విన్నప్పుడల్లా నా గొంతు కూడా వింటుంది. చూశారా, ఫోన్ వల్ల నాకెంత శాశ్వతమైన కీర్తి దక్కిందో!

నిన్న ముగ్గురం వాడింటికి వెళ్లాం. ఫోన్లు చెప్పులతో పాటు గుమ్మం బయటే వదిలాం. మెడకు కట్టుతో కుర్చీలో కూర్చున్నాడు, ఒళ్లో పిల్లల నల్లపలక ఉంది. మేం ముగ్గురం ఒకేసారి క్షమాపణలు మొదలుపెట్టాం. ఒకడి మాట మీద ఒకడు పడుతూ చాలాసేపు మాట్లాడాం. వాడు నవ్వి, చూపుడువేలు పైకి లేపాడు.

ముగ్గురం టక్కున నోరు మూసుకున్నాం. నియమం నియమమే.

వాడు సుద్దముక్క తీసుకుని తీరిగ్గా రాయడం మొదలుపెట్టాడు. గదిలో పలక మీద సుద్ద గీసుకునే చప్పుడు తప్ప ఇంకేమీ వినబడలేదు. అలా ఎంతసేపైనా వింటూ కూర్చోవచ్చనిపించింది. పలక మా వైపు తిప్పాడు.

"వచ్చే ఏడు మళ్లీ వెళదాం. ఈసారి మీరు మాట్లాడండి."