లోపలికి పోయిన సూది

సాయంత్రం బండికి అత్తగారు దిగేలోపు బొంత పూర్తిచేసి, మడతపెట్టి, మంచం మీద వేసేయాలని ఆ ఉదయం మాబెల్ అనుకుంది. భర్త హెన్రీ అబిడ్స్‌లో తాను పనిచేసే చెప్పుల దుకాణానికి బయలుదేరగానే తలుపు వేసి, చాప మీద పరిచిన పాత చీరల ముందు కూర్చుంది. సికింద్రాబాద్ మిషన్ బడిలో చదువుకున్న పిల్ల. ఇంగ్లీషు పాటలు గడగడా పాడుతుంది గాని, పెళ్ళయి నాంపల్లి వచ్చేదాకా సూది పట్టి ఎరగదు. పక్క వాటాలోని పూలమ్మ దగ్గర కొద్దిరోజులుగా నేర్చుకుంటోంది. "అంచు నుంచి నడిమిట్లకు రావాలె బిడ్డా. పొరలన్ని పట్టేటట్టు లోతుగ పొడువు," అని పూలమ్మ చెప్పింది. ఆ మాటను మాబెల్ మరీ గట్టిగా పట్టుకుంది.

ఇంత తొందరకు కారణం భయం. అత్తగారు డోరమ్మ వికారాబాద్‌లో ఇల్లిల్లూ తిరిగి బైబిలు వాక్యం చెప్పే మనిషి. ఆమె నవ్వగా మాబెల్ ఎన్నడూ చూడలేదు, పెళ్ళిరోజున కూడా. పైగా, "మా అమ్మ బొంత కుడితే దొరసాన్లు అడిగి తీస్కపోతరు," అని హెన్రీ మాటిమాటికీ అంటాడు. అంతటితో ఊరుకోకుండా, పెళ్ళాం కూడా ఏమీ తక్కువ కుట్టదని పోయిన నెల తల్లితో చెప్పి వచ్చాడు.

ఇంకా నడుమ జానెడు మిగిలి ఉండగానే తలుపు చప్పుడైంది. మాబెల్ ఉలిక్కిపడి లేచి వెళ్ళి తీసింది. ఎదురుగా సంచితో డోరమ్మ.

"పొద్దుగాల్ల బండి దొరికింది. హెన్రీ పోయిండా?"

"ఇప్పుడే పోయిండు అత్తమ్మా."

"మంచిదే," అంటూ ఆమె లోపలికి వచ్చింది. "జర నడుం వాలుస్త," అని తిన్నగా ఆ బొంత మీదే వాలిపోయింది.

అప్పుడు చూసుకుంది మాబెల్ తన చేతిని. సూది లేదు. కొంగు దులిపింది, గుమ్మం దాకా నేలంతా తడిమింది. ఎక్కడా లేదు. అంటే బొంతలోనే ఉంది, బొంత మీద అత్తగారు ఉంది. సూది ఒంట్లోకి దిగితే నరాల వెంట గుండెకు చేరుతుందని బడిలో ఎవరో అన్న మాట గుర్తొచ్చింది.

"అత్తమ్మా, మంచం మీద పండుకోండ్రి."

"ఈడ మంచిగనే ఉన్నది."

"నల్లులున్నయి."

"కొత్త బొంతల నల్లులేంది?" అంటూ డోరమ్మ అటు ఒత్తిగిలి నడుము పట్టుకుంది. "ఏందో చురుక్కుమన్నది."

రైలు బల్ల మీద కూర్చుని వచ్చిన నడుము చురుక్కుమనడంలో వింత లేదు. మాబెల్‌కు ఆ ఆలోచన రాలేదు. పూలమ్మ ఇంటికి పరిగెత్తింది. "అక్కా, సూది... అత్తమ్మ నడుంల... జల్ది ఏమన్న చెయ్యాలె." మిగతా మాటలు ఏడుపులో కొట్టుకుపోయాయి.

పూలమ్మకు అర్థమైంది ఒకటే, అత్తగారి నడుముకు సూది వేయించాలని. 1953లో ఏ నొప్పికైనా సూదిమందే గొప్ప. రిక్షా తొక్కే తన భర్త రాజమల్లును లేపి, "హెన్రీకి చెప్పు, వాళ్ళమ్మకు నడుం పట్టుకున్నదంట, సూది ఎయ్యాల్నంట," అని పంపింది. రాజమల్లు అబిడ్స్ చేరేసరికి నడుము పట్టుకోవడం కాస్తా కాలూ చెయ్యీ పడిపోవడమైంది. హెన్రీ ఒక కాలికి జోడు తొడిగిన గిరాకీని అలాగే వదిలేసి, పక్క సందులోని కాంపౌండర్ సదాశివను రిక్షా ఎక్కించుకుని వచ్చాడు.

అప్పటికి మాబెల్ అత్తగారి వెనక కూర్చుని, లోలోపల ప్రార్థన చేసుకుంటూ, ఆమె రవికె మీద రక్తపు చుక్క కోసం వెతుకుతోంది. డోరమ్మ కునుకు తీస్తోంది. సదాశివ వస్తూనే నీళ్ళు మరిగించడానికి స్టవ్వు అంటించమని చెప్పి, పెట్టె తెరిచాడు.

"సూది తీస్తరా?" అని మాబెల్ అడిగింది.

"తీస్తున్న గద. గట్ల ఆగమైతే ఎట్లమ్మా?"

"బాగ లోపలికి పోయిందేమో."

"ఇంక పోలే. ఒక్క నిమిషంల పోతది."

మాబెల్ కళ్ళు మూసుకుని ప్రార్థన పైకే అందుకుంది.

మాటలకు మెలకువ వచ్చిన డోరమ్మ, మందు ఎక్కించిన సూదిని చూసి దిగ్గున లేచింది. "నాకేం రోగం? దగ్గరికి రాకు," అంటూ గోడ వైపు జరిగి, బొంతను రెండు చేతులా ఎత్తి అడ్డం పెట్టుకుంది. బొంతతో పాటు చాప కూడా లేచింది. పొరలన్నీ పట్టేటట్టు పొడిచిన మాబెల్, చాపను కూడా ఒక పొరగా కలిపి కుట్టేసింది. చాప అడుగున, కుట్టు ఆగిన చోట, దారానికి వేలాడుతూ సూది కనిపించింది.

డోరమ్మ బొంతను చూసింది, చాపను చూసింది, కోడలిని చూసింది. సూది భయం తీరిందో లేదో మాబెల్‌ను రెండో భయం పట్టుకుంది. ఈ ముచ్చట వికారాబాద్ చేరుతుంది, అక్కడి నుంచి పుట్టింటికీ చేరుతుంది. తల వంచుకుని, ఏ మాట వచ్చినా పడడానికి లేచి నిలబడింది.

"నీకు గూడ రాదా?" అంది డోరమ్మ. ఆ గొంతులో కోపం లేదు, దిగులుంది.

"గూడ" అన్న మాట మాబెల్‌కు కాస్త ఆలస్యంగా వినిపించింది.

డోరమ్మ మంచం మీద కూలబడింది. "నేనెన్నడు కుట్టిన బిడ్డా? మా ఇంట్ల బొంతలన్ని సంతల కొన్నయే. వీడు గొప్పకు చెప్పిన ముచ్చట చర్చి దాంక పోయింది. వచ్చే వారం నుంచి ఆడోళ్ళకు నేనే నేర్పియ్యాల్నంట. గా భయానికి నిద్ర పడ్తలేదు. నీకొస్తదని వీడే అన్నడు. వీడు ఇంట్ల లేనప్పుడు నీ దగ్గర నేర్చుకుందమని పొద్దు బండికే వచ్చిన."

అత్తాకోడళ్ళు ఒక్కసారే హెన్రీ వైపు తిరిగారు. అతడు గుమ్మం వైపు చూశాడు.

"మందు ఎక్కించిన. బలం మందు, ఎవలకైన మంచిదే," అన్నాడు సదాశివ, సూదిని అలాగే పట్టుకుని. "మరి ఎవలకియ్యాలె?"

"వానికియ్యి," అంది డోరమ్మ.

మాబెల్ వెళ్ళి తలుపు గడియ పెట్టింది.

ఆ మధ్యాహ్నమే పూలమ్మ ముందు ఇద్దరు శిష్యురాళ్ళు కూర్చుని బొంత నుంచి చాపను విప్పడంతో చదువు మొదలుపెట్టారు. రాత్రికి బొంత పూర్తయ్యాక దాని మీద మొదట పడుకున్నది హెన్రీ, అదీ బోర్లా.