ఇంకాస్త మెరుగు

ఆ ఆదివారం పొద్దున కంసాలి వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. పెందలాడే కొట్టు తెరవాలి. చేసి ఉంచిన ఉంగరానికి చివరి మెరుగు పెట్టాలి. మధ్యాహ్నం లోగా దాన్ని బట్టల కొట్టావిడ చేతిలో పెట్టాలి. సాయంత్రం ఆవిడ కొడుకు నిశ్చితార్థం. పనిలో పనిగా, పరీక్షల డ్యూటీకి వెళ్ళిన అక్క తిరిగి వచ్చేదాకా ఆమె కూతురు బుడంకాయను ఓ కంట కనిపెట్టి ఉండాలి. ఈ చివరిది అసలు పనే కాదనుకున్నాడు. అక్కడే దెబ్బ తిన్నాడు.

కంసాలికి మనుషుల మొహాలు గుర్తుండవు, వేళ్ళు గుర్తుంటాయి. దారిలో ఎవరైనా పలకరిస్తే ముందు చేతి వంక చూసి, ఆ తర్వాత నవ్వుతాడు. బట్టల కొట్టావిడ కొలత కోసం పెళ్ళికూతురి పాత వెండి ఉంగరం ఒకటి తెచ్చి ఇచ్చినప్పుడు, దాన్ని సైజుల కడ్డీకి ఎక్కించాడు. అది జారుతూ జారుతూ ఒక గీత దగ్గర ఆగింది. ఆ వేలు అతనికి తెలుసు. 'లోకంలో ఆ కొలత వేలు ఆమె ఒక్కదానికేనా ఏమిటి!' అని తనకు తానే సర్దిచెప్పుకుని, పెళ్ళికూతురెవరో అడగకుండా పనిలో దిగాడు. అడిగి ఉంటే ఇంత గొడవ జరిగేది కాదు.

ఆమె అంటే పై వీధి ఆసుపత్రిలో నర్సు. మూడేళ్ళ కిందట ఇద్దరూ పెళ్ళి చేసుకుందామనుకున్నారు. ఆమె కోరింది ఒక్క ఉంగరం. ఊరందరికీ చెప్పిన రోజుకు నగ అప్పగించే మనిషి, ఆమె ఉంగరం దగ్గరికి వచ్చేసరికి మహా చాదస్తుడైపోయాడు. అంచు మందమైందని ఒకసారి కరిగించాడు. రాయి కూర్చున్న తీరు నచ్చలేదని మరోసారి కరిగించాడు. ఇంకోసారి ఏ లోపమూ కనబడకపోవడంతో, కనబడకుండా ఎక్కడో ఉండే ఉంటుందన్న అనుమానంతో కరిగించాడు. "ఆలస్యం అమృతం విషం అన్నారు. నువ్వు ఉంగరం చేసేలోగా నా వేలు ముడతలు పడిపోతుంది" అని చెప్పి ఆమె వెళ్ళిపోయింది. ఆనాటి నుంచి అతను పై వీధి మొహం చూడలేదు. ఆ వీధి తప్పించుకుని చుట్టు తిరగడంలో చెప్పులు మాత్రం బాగా అరిగాయి.

"మావయ్యా, ఇది చేతికి వదులుగా ఉంది" అంది బుడంకాయ, బల్ల కింద నుంచి.

"ఊఁ" అన్నాడు కంసాలి, మెరుగు కుంచె దులుపుకుంటూ.

"కాలికి మాత్రం సరిగ్గా సరిపోయింది."

కుంచె అతని చేతిలోంచి జారిపడింది. వంగి చూస్తే, బుడంకాయ కుడికాలి బొటనవేలికి బట్టల కొట్టావిడ ఉంగరం ధగధగా మెరుస్తోంది. చేసిన చేతికి ఒక్క క్షణం ముచ్చట కూడా వేసింది. మరుక్షణం ముచ్చెమటలు పోశాయి.

"తియ్యి! తియ్యవే!" అని అరిచాడు. పిల్ల బెదిరిపోయి ఒక్క గుంజు గుంజింది. ఉంగరం కణుపు దగ్గర బిగిసింది. అతను సబ్బు రాశాడు. పిల్లకు కితకితలు పుట్టి కాలు విదిల్చింది. సబ్బునీళ్ళ గిన్నె బోర్లాపడింది. నూనె రాశాడు. ఆ నూనె చేత్తో ఉంగరం పట్టు దొరక్క మళ్ళీ మళ్ళీ గుంజాడు. గుంజిన కొద్దీ వేలు వాచింది, వాచిన కొద్దీ ఉంగరం బిగిసింది. రంపం తీశాడు. అరిటిపండు ఒలిచినంత సులువుగా బంగారం కోసే ఆ చెయ్యి, పసిదాని వేలి మీదికి వచ్చేసరికి వణికింది. మళ్ళీ లోపల పెట్టేశాడు.

గోరుచుట్టు మీద రోకలిపోటులా అప్పుడే ఫోను మోగింది.

"ఏమయ్యా, ఉంగరం అయిందా?" అంది బట్టల కొట్టావిడ.

"అయిందండీ. వేలికే ఉంది."

"ఎవరి వేలికి?"

అతనికి అబద్ధం చెప్పడం చేతకాదు, నిజం చెప్పే ధైర్యమూ లేదు. ఫోను పెట్టేశాడు. ఆడవాళ్ళకు అనుమానం రావడానికి అంతకంటే మంచి మార్గం ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదు.

రంపం, దానికి మార్చి మార్చి బిగించే సన్నటి బ్లేడు పళ్ళు పెట్టుకునే రేకు డబ్బా జేబులో వేసుకుని, పిల్లను భుజాన ఎత్తుకుని వీధిలో పడ్డాడు. ఉంగరం ఉన్న కాలు ముందుకు చాపుకుని బుడంకాయ ఊరేగింపులా కదిలింది. మూల మీది డాక్టరు గది తాళం వేసి ఉంది, ఆదివారం. దాని ఎదుటి మందుల షాపు కూడా మూసేసి ఉంది. ఇక మిగిలింది పై వీధి ఒక్కటే. కంసాలి మలుపు దగ్గర ఆగాడు. పిల్ల వేలి వంక చూశాడు. వంకాయ రంగుకు తిరుగుతోంది. కళ్ళు మూసుకున్నంత పని చేసి ఆ వీధిలో అడుగుపెట్టాడు.

కట్లు కట్టే గది తలుపు తీసిన చెయ్యి చూసి నిలబడిపోయాడు. మొహం చూడాల్సిన అవసరం లేకపోయింది.

"ఏంటి?" అంది నర్సు. మూడేళ్ళ తర్వాత తొలి పలుకు అదే.

"వేలు" అన్నాడు.

"ఎవరిది?"

"మా అక్క కూతురిది. కాలిది."

నర్సు ఇంకేమీ అడగకుండా పిల్లను బల్ల మీద కూర్చోబెట్టి కాలు తన ఒళ్ళోకి తీసుకుంది. వేలి కొస నొక్కి చూసింది. ఆమె మొహంలో రంగు మారడం కంసాలి గమనించాడు.

"డాక్టరు గారు?" అన్నాడు.

"కాన్పు దగ్గరున్నారు. ఎప్పటికి వస్తారో తెలీదు. ఈ వేలు అంతసేపు ఆగదు. ఉంగరాలు కోసే మిషను రిపేరుకెళ్ళింది."

"రంపం నా దగ్గరుంది."

"మరి నువ్వే కొయ్యలేకపోయావా?"

"చెయ్యి వణుకుతోంది."

"నీ చెయ్యా?" అంది నర్సు. నమ్మలేదు. అతను చెయ్యి చాపి చూపించాడు. నమ్మింది.

ఉంగరానికీ వేలికీ మధ్య పలుచని స్టీలు రేకు మెల్లగా జొనిపింది. "ఇది నేను పట్టుకుంటా. నువ్వు కొయ్యి. ఈ రేకు దాటి కిందికి దిగావంటే నీ సంగతి చెప్తా."

ఆ బెదిరింపుతో చిత్రంగా అతని వణుకు తగ్గింది. రంపం అటూ ఇటూ మెల్లగా కదిలింది. సన్నటి బంగారు పొడి నర్సు ఒళ్ళో రాలుతోంది. ఇద్దరి తలలూ దాదాపు తగులుకునేటంత దగ్గరగా ఉన్నాయి. ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. పిల్ల పెదవి వణకడం చూసి నర్సు మాట కలిపింది.

"ఉంగరం భలే ఉందే! ఎవరిదమ్మా?"

"పెళ్ళికూతురిది" అంది బుడంకాయ.

"ఏ పెళ్ళికూతురు?"

"ఆ బట్టల కొట్టావిడ లేదూ" అన్నాడు కంసాలి తలెత్తకుండా, "ఆవిడ కొడుక్కి సాయంత్రం నిశ్చితార్థం."

"తెలుసు."

"నీకెలా తెలుసు?"

"పెళ్ళికూతుర్ని నేనే."

రంపం పన్ను టక్కున విరిగింది.

సాయంత్రం ఎవడో ఆమె వేలు పట్టుకుంటాడు. దానికి కావలసిన సరంజామా తన చేతులతో తానే తయారుచేశాడు. పైగా బాగా చేశాడు!

"ఇంకో పన్ను వెయ్యి" అంది నర్సు. గొంతు మామూలుగానే ఉంచడానికి ఆమె ఎంత కష్టపడుతోందో చేతిలోని రేకు చెబుతోంది.

"డబ్బాలో ఉన్నాయి. కాస్త తీసివ్వు."

డబ్బా తీసి ఆమె చేతికి ఇచ్చేదాకా అతనికి అందులో ఇంకేం ఉందో గుర్తు రాలేదు. గుర్తొచ్చేసరికి మూత తెరుచుకుంది. పళ్ళ పక్కన దూదిలో ఒక ఉంగరం. ఒంటి రాయిది. అంచు మందం లేదు. ఏ లోపమూ లేదు.

"అది మావయ్య రోజూ మెరుగు పెట్టుకునేది" అంది బుడంకాయ. "ఎవరికీ ఇవ్వడు. నన్ను కూడా ముట్టుకోనివ్వడు."

నర్సు దాన్ని పక్కన పెట్టి, పన్ను తీసి అతని చేతికిచ్చి, "ముందు వేలు" అంది.

మళ్ళీ కోత మొదలైంది. చివరి పోగు తెగగానే కంసాలి అక్కడి ట్రేలోని పటకారుతో ఉంగరం నోరు విప్పాడు. అది ఊడి బల్ల మీద పడింది. బుడంకాయ వేలికి నెమ్మదిగా రంగు తిరిగొచ్చింది. అది చూశాక గానీ వాళ్ళిద్దరూ తిన్నగా ఊపిరి తీసుకోలేదు. తెగిన ఉంగరాన్ని నర్సు గాజుగుడ్డలో చుట్టి పెట్టింది. అప్పుడు అతని వైపు తిరిగింది.

"ఎప్పుడు చేశావు అది?"

"నువ్వు వెళ్ళిపోయిన తర్వాతి వారం."

"మరి తెచ్చివ్వలేదేం?"

"ఇంకాస్త మెరుగు పెడదామని."

"మూడేళ్ళా?"

అతని దగ్గర ఉన్న ఒక్క మాటా, చెప్పకూడని మాటా అదే కావడం చేత వెంటనే చెప్పేశాడు. "కోసినదాన్ని అతికి, సాయంత్రానికి పాత రూపుకు తేవడం కష్టం. ఇది తీసుకో. నీ కొలతే. రోజంతా సబ్బుతో చేతులు కడుక్కునే మనిషివి కదా, జారిపోకూడదని వెంట్రుకవాసి బిగువుగా చేశాను. నీ నిశ్చితార్థం నావల్ల ఆగిపోకూడదు."

నర్సుకు ఎక్కడలేని కోపం వచ్చింది. కోపంతో పాటు కన్నీళ్ళూ వచ్చాయి. అందుకు కోపం ఇంకా పెరిగింది. "అంటే నాకోసం చేసిన ఉంగరం ఇంకొకళ్ళు నాకు తొడగాలా? నువ్వేమో కొట్లో కూర్చుని కుంచె దులుపుకుంటావా?"

"ఆగిపోకూడదని..."

"ఆపేవాడు ఒకడుంటేగా ఆగడానికి!"

పెద్దవాళ్ళు పోట్లాడుకునేటప్పుడు పిల్లల చేతులు ఊరికే ఉండవు. బుడంకాయ దూదిలోంచి ఉంగరం తీసింది. తన కాలితో ఇప్పటికే ఒక పాఠం నేర్చుకుంది గనక, ఈసారి సొంత వేళ్ళ జోలికి పోలేదు. నడుం మీద ఆనించి ఉన్న నర్సు చెయ్యి పట్టుకుని, వేలికి ఉంగరం ఎక్కించి, చివరి దాకా నెట్టింది. "సరిపోయింది మావయ్యా!" అంది.

సరిగ్గా అప్పుడే తలుపు దగ్గర ఎవరో రొప్పుతూ నిలబడ్డారు. బట్టల కొట్టావిడ.

"కొట్టు బార్లా తీసి ఉంది. నేలంతా సబ్బునీళ్ళు. పక్క కొట్టు దర్జీనడిగితే ఇటు పరిగెత్తావన్నాడు. ఏం జరుగుతోందయ్యా ఇక్కడ?" అంటూనే ఆవిడ చూపు నర్సు వేలి మీద పడింది. మొహం విచ్చుకుంది. "ఓహో, కొలత చూడ్డానికొచ్చావా! ఆ ముక్క ఫోన్లో చెప్పలేవూ? ఏదీ..." చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పింది. "నేను చెప్పినట్టు ఒక్కటీ లేదు. అయినా ఎంత బావుందో! తీసియ్యమ్మా, సాయంత్రం మావాడు తొడుగుతాడు."

నర్సు ఉంగరం లాగింది. రాలేదు.

"రావట్లేదు అత్తయ్యగారూ."

"సబ్బు పెట్టు తల్లీ."

నర్సు గది మూలనున్న కుళాయి దగ్గరికి వెళ్ళి, వాళ్ళకు వీపు పెట్టి నిలబడింది. నీళ్ళ చప్పుడు చాలాసేపు వినిపించింది. తిరిగొచ్చి తడిచెయ్యి చూపించింది. ఉంగరం ఉన్నచోటే ఉంది. "సబ్బు కూడా పెట్టాను" అంది.

"అయితే కోసెయ్యవయ్యా" అంది బట్టల కొట్టావిడ. "రంపం చేతిలోనే ఉందిగా. కోసి మళ్ళీ అతుకు పెట్టు. ఇలాంటివి నీకో లెక్కా?"

నర్సు చెయ్యి చాపి బల్ల మీద పెట్టింది. కంసాలి మొహంలోకి తిన్నగా చూసింది. ఆ చూపులో బతిమాలడం లేదు, బెదిరించడం లేదు. 'మూడుసార్లు కరిగించావు, ఇది నాలుగోది, కానివ్వు' అన్నట్టుంది.

అతను ఉంగరం మీదికి వంగాడు. అలవాటు కొద్దీ ముందు లోపం కోసం వెతికాడు. రాయికి ఎడమ పక్కన, గోటితో తాకితే తెలిసేటంత ఎగుడు ఒకటి కనిపించింది కూడా. ఇంకాస్త మెరుగు పెడితే పోతుంది. చెయ్యి ముందుకు వెళ్ళింది. ఆగింది. అతను రంపాన్ని డబ్బాలో పెట్టి మూత నొక్కేశాడు.

"కోయనండీ."

"ఏం?"

"ఇది అయిపోయిందండీ" అన్నాడు. ఆ ఉంగరం విషయంలో ఆ మాట అతని నోట ఎన్నడూ రాలేదు. "ఇంక దీన్ని ముట్టుకోను. ఇది మీ అబ్బాయికి చేసింది కాదు. ఈవిడ కోసం నేను చేసుకున్నది. ఎప్పుడో ఇవ్వాల్సింది."

బట్టల కొట్టావిడ నర్సు వంక చూసింది. క్షణం కిందటి దాకా నోరారా అత్తయ్యగారూ అని పిలిచిన మనిషి ఇప్పుడు ఉత్త 'అండీ'లోకి దిగిపోయింది.

"నన్ను మన్నించండి. ఈ నిశ్చితార్థం నేను చేసుకోలేనండీ. ముందే చెప్పాల్సింది. కానీ ఇందాకటిదాకా నాకే తెలీదు."

"మరి నా ఉంగరమేది?"

బుడంకాయ గాజుగుడ్డ విప్పి ముందుకు తోసింది. "ఇదిగో అమ్మమ్మా. నా కాలిది."

"కాలిదా?"

బట్టల కొట్టావిడ తెగిన ఉంగరాన్నీ, పిల్ల వాచిన వేలినీ, ఆ ఇద్దరి మొహాలనూ వరసగా చూసింది. బేరంలో ఆరితేరిన మనిషి గనక, ఏ సరుకు అమ్ముడైపోయిందో, ఏది కాలేదో ఆవిడకు తెలిసిపోయింది.

"కొత్తది చేసిస్తానండీ" అన్నాడు కంసాలి.

"పెళ్ళికూతురు లేని ఉంగరం నేనేం చేసుకోను? నా బంగారం నాకిచ్చెయ్" అని ఆవిడ గాజుగుడ్డతో సహా ముక్కను చేతిసంచిలో వేసుకుంది. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, నర్సు వేలి వంక ఇంకోసారి చూసింది. "నా ఖర్మ! వంక పెట్టడానికైనా లేదు" అని నిట్టూర్చి వెళ్ళిపోయింది.

ఆ ఏడే వాళ్ళిద్దరి పెళ్ళయింది. రాయికి ఎడమ పక్కనున్న ఎగుడు మాత్రం కంసాలికి నిద్రలో కూడా గుర్తొస్తుంది. "ఒక్కసారి తీసివ్వు, చిటికెలో సరిచేసి ఇస్తా" అని వారానికోసారైనా అడుగుతాడు. "వస్తే తీసుకో" అని నర్సు చెయ్యి చాపుతుంది. అతను లాగుతాడు, రాదు. సబ్బుకు కూడా లొంగకుండా చేసిన తన పనితనం గురించి కొట్టుకు వచ్చిన వాళ్ళందరికీ గొప్పగా చెప్పుకుంటాడు.

రోజూ పొద్దున స్నానాల గదిలో కాస్త నురగ తగలగానే ఆ ఉంగరం ఒక్క లాగుకే ఊడి వస్తుందన్న సంగతి, ఆసుపత్రి కుళాయి నాటి నుంచి నేటి దాకా నర్సుకు తప్ప ఎవరికీ తెలియదు.