అడవికంతా ఒకటే మాత్ర

చాలా పెద్ద అడవి అది. అందులో భల్లూకయ్య అనే ఎలుగుబంటికి ఒక పొద్దున తేనెపట్టు కిందే గుండెనొప్పి వచ్చింది. డాక్టరు కొంగమ్మ పరీక్ష చేసి, "నెత్తుట్లో కొవ్వు పేరుకుంది మామా. ఈ మాత్ర రోజూ వేసుకో, మానొద్దు," అంది. వేసుకున్నాడు, తేరుకున్నాడు.

అడవి సభకు అధ్యక్షుడు జిత్తులప్ప అనే నక్క. ఎన్నికలు దగ్గరపడ్డాయి. "ఒక్క ఎలుగు మింగితేనే ఇంత మేలు. అందరం మింగితే ఎంత మేలో ఆలోచించండి," అని తీర్మానం పెట్టాడు. చప్పట్లు మోగాయి.

కొంగమ్మ లేచింది. "గుండెకు ముప్పున్న వాళ్ళకు ఇది మంచిదే. మిగతావాళ్ళను ఒక్కొక్కరినీ చూసి చెప్పాలి. కొందరికి కండరాలు నొప్పిపెడతాయి."

"మీరు ఒక్కొక్కరినీ చూసేదాకా ఎన్నికలు ఆగుతాయా డాక్టరమ్మా?"

మాత్ర సారంగమ్మ దాకా వచ్చింది. గడ్డి తిని పొద్దస్తమానం పరిగెత్తే జింక ఆమె.

"నాకు కొవ్వెక్కిందంటారా?" అని నొచ్చుకుంది.

"ఎక్కకముందే దించుతున్నాం తల్లీ," అన్నాడు నక్క.

సభ మాట కాదనలేక మింగింది. కొన్నాళ్ళకు తొడలు పట్టేశాయి. చిరుత వెంటపడితే పరుగు సాగలేదు. చెవి కొస దాని నోట వదిలేసి, ముళ్ళపొదలో దూరి బతికింది. కొంగమ్మ మాత్ర మాన్పించాక నొప్పులు తగ్గాయి.

కబురు పాకింది. మాత్ర కాదు, విషమన్నారు. జిత్తులప్ప గాలివాటం చూసి ఇంకో తీర్మానం చేయించాడు: ఇకమీదట మాత్ర ఎవరూ ముట్టకూడదు. ఈసారి చప్పట్లు ఇంకా గట్టిగా మోగాయి.

కొంగమ్మ భల్లూకయ్య గుహకు ఎగురుకుంటూ వెళ్ళింది. "మామా, నీకు పడింది. నువ్వు మానొద్దు."

"సారంగమ్మ చెవి చూశావా?"

"అది కొరికింది చిరుత. ఆమెకు పడనంత మాత్రాన నీకూ పడదని కాదు."

"నాకిప్పుడు నొప్పి కూడా లేదు కదే."

"మాత్ర వేసుకుంటున్నావు కాబట్టే లేదు."

భల్లూకయ్య నవ్వి, మాత్రలన్నీ వాగులో పారబోశాడు. వానలు పడకముందే అతని గుండె ఆగిపోయింది.

సంతాప సభలో జిత్తులప్ప కళ్ళు తుడుచుకున్నాడు. "మన భల్లూకయ్య ఆత్మశాంతి కోసం రేపటినుంచి అందరికీ రెండేసి మాత్రలు," అన్నాడు. కొంగమ్మ ఏదో చెప్పబోయింది, చప్పట్లలో వినిపించలేదు. సారంగమ్మ వెనక వరసలోంచి మెల్లగా జారుకుంది.

ఆ ఎన్నికల్లో నక్కకు పోటీయే లేదు.

నీతి: ఒక్కరికి తప్పు మందిస్తే అది పొరపాటు, అడవికంతా ఇస్తే అది పథకం.