అధ్యక్షుల వారి పేరు పైన

ఆ శనివారం లైబ్రేరియన్ బాలాత్రిపురసుందరి గారు అనుకున్న పని చిన్నదే. పిల్లలు ఒకరికొకరు చెప్పుకున్న మంచి పుస్తకాల ఆన్‌లైన్ షీటు చూపించి, లైబ్రరీ గదిని కాపాడుకోవాలి. తణుకు దగ్గర ఆ ఊళ్ళో లైబ్రరీ గది కిరాణా వర్తకుడు గున్నేశ్వరరావు గారిది. కమిటీ అధ్యక్షులూ ఆయనే. "పిల్లలెవరూ రావట్లేదు కదండీ, సోమవారం నుంచి బెల్లం దిమ్మలు పెట్టుకుంటా" అని ముందే చెప్పేశారు.

షీటు తయారుచేసింది ఇంటర్ చదివే రామతులసి. నోరు విప్పడం కంటే టైపు చేయడమే ఆమెకు సుఖం. ఎవరైనా రాయొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు అని లింకు ఊరి గ్రూపులో పెట్టింది. పిల్లలు రాశారు. వాళ్ళను చూసి అధ్యక్షుల వారూ ఒక పుస్తకం సిఫారసు చేశారు.

శనివారం పొద్దున్నే సుందరి గారి ఫోన్ మోగింది.

"ఏంటండీ ఇది! నా పేరు ఆ పాపాయి కింద ఉంది! అయిదో తరగతి పిల్లండీ అది!"

"ముందు రాసినవాళ్ళు ముందుంటారండి..."

"శుభలేఖలో మనవరాలి పేరు పైన వేసి, తాతగారి పేరు కింద వేస్తారా?"

గది ఆయనది. సుందరి గారు తన ఫోన్లోనే రెండు పేర్లనూ తారుమారు చేశారు. పేర్లు కదిలాయి. పక్క గడుల్లోని మాటలు ఉన్నచోటే ఉండిపోయాయి.

ఇప్పుడు మొదటి వరుస ఇది: "గున్నేశ్వరరావు గారు. దయ్యాల కథలు. భయమేసి అమ్మ పక్కన పడుకున్నాను. చాలా బాగుంది." దాని కింద: "పాపాయి. క్రమశిక్షణ పుస్తకం. నలభై ఏళ్ళుగా పాటిస్తున్నాను. నేటి యువత సిగ్గుపడాలి."

అధ్యక్షుల వారు పేరు పైకెక్కిందని మాత్రమే చూసుకుని, ఫొటో తీసి వర్తకుల గ్రూపుకీ, అల్లుడికీ పంపించారు.

కాసేపటికి వర్తకుల గ్రూపులో ఉన్న శ్యాంబాబు ఆయన కొట్లోకి వచ్చాడు. "కేజీ కందిపప్పండి. రాత్రి నిద్ర పట్టిందాండీ?"

లోపలి నుంచి అధ్యక్షుల వారి భార్య మీనాకుమారి ఫోన్ పట్టుకుని వచ్చింది. "మీ అమ్మగారు పోయి పదేళ్ళయింది కదండీ. మరి మీ పక్కన పడుకున్నదెవరు?"

ఆయన చెప్పులు తొడుక్కోకుండానే లైబ్రరీకి పరుగెత్తారు. అక్కడ కాలు పెట్టే చోటు లేదు. అధ్యక్షుల వారిని భయపెట్టిన పుస్తకం కోసం ఊళ్ళో పిల్లలంతా దిగిపోయారు.

"తాతగారూ, ఏ కథ దగ్గర భయమేసిందండీ?"

"నాకు భయమేంటి! అసలు నేనది చదవనే లేదు!"

"చదవకుండానే బాగుందన్నారాండీ?" అంది పాపాయి.

"ఇప్పుడే దిద్దేస్తానండి" అని గొణిగింది రామతులసి.

"ఆగమ్మా. ఇందులో భయపడ్డానికేముందో పది నిమిషాల్లో తేల్చేస్తా" అని ఆయన కుర్చీ లాక్కున్నారు.

భోజనానికి రమ్మని ఇంటి నుంచి కబురొస్తే "వస్తున్నానని చెప్పు" అన్నారు. మళ్ళీ తలెత్తేసరికి బయట చీకటి పడుతోంది.

"రామతులసీ, నువ్వు మా వీధిలోంచే వెళ్తావు కదమ్మా? ఆడపిల్లవి, ఒక్కదానివే వెళ్ళడమెందుకు, నేను తోడొస్తా."

రామతులసి ఇల్లు లైబ్రరీని ఆనుకునే ఉంటుంది. అయినా ఆయన వెంట బయల్దేరింది.

గుమ్మం దగ్గర ఆయన ఆగారు. "దీనికి రెండో భాగం ఉందాండీ?"

"ఉందండి. కానీ సోమవారం గది ఖాళీ చేయాలి కదా" అన్నారు సుందరి గారు.

"బెల్లం ఎక్కడ పెట్టినా బెల్లమేనండీ" అన్నారాయన.

మర్నాడు రామతులసి తప్పు దిద్దుదామని షీటు తెరిచింది. మొదటి వరుసలో 'అమ్మ పక్కన' అన్నది ఎవరో అప్పటికే కొట్టేసి 'లైటు ఆర్పకుండా' అని మార్చారు. మిగతా మాటల జోలికి పోలేదు.