టెంటా, కాటేజీనా

శనివారం పొద్దున కాఫీ చల్లారకముందే గది బుక్ చేసెయ్యాలని రూత్ పట్టుదల. పెళ్లయిన కొత్తలో ఊటీ వెళ్తే ఆడపడుచు కుటుంబం వెంట వచ్చింది. ఆ తర్వాత ఎక్కడికి వెళ్లినా ఎవరో ఒకరు తయారు. ఈసారి మహారాష్ట్రలోని తాడోబా అడవికి వెళ్లి పులిని చూడాలి, పక్కన మొగుడు తప్ప తెలిసిన మొహం మరొకటి కనబడకూడదు. పాపం, ఆమె కోరింది అంతే.

"టెంటా, కాటేజీనా? ఏదో ఒకటి చెప్పండి," అంది ఫోను చూపిస్తూ.

బెన్నీ తిరువూరులో లెక్కల మాస్టారు. సొంత విషయానికొస్తే చొక్కా రంగు కూడా తేల్చుకోలేడు. "టెంటులోకి పాములొస్తాయేమో. కాటేజీ చూస్తే చెట్టు మీదుంది, నీకు కళ్లు తిరుగుతాయి," అని నసిగాడు. రూత్ టిఫిను చెయ్యడానికి లోపలికి వెళ్లగానే చర్చి సంఘం ప్రార్థన గ్రూపులో మెసేజి పెట్టేశాడు. అడవి ప్రయాణానికి తగిన బస దేవుడే చూపించేలా ప్రార్థించమని.

స్త్రీల కూటానికి పెద్ద అయిన హన్నమ్మగారు ఆ పూటే ఉపవాస ప్రార్థనలో కూర్చున్నారు. ఆదివారం ఆరాధన అయ్యాక బెన్నీని చర్చి గుమ్మంలోనే పట్టుకున్నారు.

"వందనాలు నాయనా. నీ బస కోసం కడుపు మాడ్చుకున్నాం. తీరా పులిని మీ ఇద్దరే చూసొస్తారా?"

కడుపు మాడ్చుకున్న మనిషికి కాదని ఎలా చెబుతాడు? "మీరూ రండి," అన్నాడు. ఆమె ఒక్కరే అనుకున్నాడు. గంపలగూడెంలో ఆమె చెల్లెలు, వినగడపలో వియ్యపురాలు కూడా ఉపవాసం ఉన్నారట. కారు కాస్తా వ్యానైంది, వ్యాను బస్సైంది. బస్సెడు జనానికి టెంటూ లేదు, కాటేజీ లేదు. దొరికింది డార్మిటరీ. ఆడవాళ్లు ఒకవైపు, మగవాళ్లు ఒకవైపు.

"మొగుడూ పెళ్లాల్ని విడదియ్యడానికి అంత దూరం వెళ్లాలా అండి?" అంది రూత్. ఏడుపు ఆపుకోలేకపోయింది.

"ఇంతమంది ప్రార్థించాక వద్దంటే ఏం బాగుంటుంది?" అన్నాడు బెన్నీ.

తీరా వెళ్లాక సఫారీ జీపుల్లో సీట్లు అందరికీ చాలలేదు. "నువ్వు చిన్నదానివమ్మా, మళ్లీ వస్తావులే," అని హన్నమ్మగారు రూత్ భుజం తట్టి ఆమె సీట్లో కూర్చున్నారు. డ్రైవరుతో మాట్లాడటానికి హిందీ వచ్చినవాడు కావాలి గనుక బెన్నీ వెళ్లాడు. రూత్ డార్మిటరీ వెనక కూర్చుని అందరి సాంబారులోకీ ఉల్లిపాయలు తరిగింది. కళ్లు తుడుచుకుంటుంటే ఎందుకని ఎవరూ అడగలేదు.

పులి కనబడింది. జీపుకి అడ్డంగా వచ్చి నిలబడిందట.

ఊరికి తిరిగొచ్చిన ఆదివారం, తగిన బస చూపించిన దేవుడికి స్తోత్రమంటూ బెన్నీ చర్చిలో సాక్ష్యం చెప్పాడు. అందరూ ఆమెన్ అన్నారు, రూత్ తప్ప. ఇంటికి రాగానే ఫోను తీసి ఎవరినీ అడక్కుండా బుక్ చేసేసింది.

"టెంటు తీసుకున్నాను."

"ఎంతమందికి?"

"నా ఒక్కదానికి."

"మరి నేనో?" అన్నాడు బెన్నీ.

"మీరు చూశారుగా పులిని."

బెన్నీకి అన్నం సయించలేదు. రూత్ ఒంటరిగా అడవికి వెళ్తోంది, క్షేమం కోసం ప్రార్థించండని గ్రూపులో పెట్టాడు.

సాయంత్రానికల్లా హన్నమ్మగారు ఉపవాసం మొదలుపెట్టారు.