రెండు కొంగుల చీర, మూడు పెట్టెల రైలు

మీ ఇంట్లో పెళ్లీడుకొచ్చిన అమ్మాయి ఉందా? అయితే నా మాట వినండి. అబ్బాయి జీతం చూడకండి, పొడుగు చూడకండి, జాతకం అసలే చూడకండి. రైళ్ల పిచ్చి ఉందా లేదా, అదొక్కటే అడగండి! అందులోనూ వాళ్ల ఊళ్లో రైలే లేదని తేలితే ఇక ఆలస్యం చేయకుండా తాంబూలాలు మార్చేసుకోండి.

నాకు పెళ్లై నాలుగు నెలలైంది. అనుభవంతో చెబుతున్నాను.

మాది గద్వాల. మా నాన్న ఈశ్వరయ్య చీరలు నేస్తాడు. నేను డిగ్రీ పూర్తి చేసి, డిజైన్లు గీస్తూ, నాన్న పక్క మగ్గం మీద నేస్తాను. మా ఆయన అఖిలేష్‌ది నాగర్‌కర్నూల్. అక్కడే కరెంటు సబ్‌స్టేషన్‌లో ఉద్యోగం. మా మగ్గం నేలలో గుంట తవ్వి దించింది, ఎత్తుకుని పోవడానికి లేదు. ఆయన సబ్‌స్టేషన్ సంగతి చెప్పనే అక్కర్లేదు. కాబట్టి మా కాపురం శనివారం మధ్యాహ్నం మొదలై సోమవారం పొద్దున ముగుస్తుంది. మిగతా రోజులు ఫోన్.

ఫోన్లో కొత్త మొగుడు ఏం మాట్లాడతాడు? తిన్నావా, పడుకున్నావా అంటాడు. మా ఆయన మాత్రం క్లాస్ 313 చరిత్ర చెబుతాడు!

క్లాస్ 313 అంటే బ్రిటన్‌లో తిరిగిన ఒక రకం కరెంటు రైలు. 1976, 77లలో యార్క్ అనే ఊళ్లో కట్టారు. మూడేసి పెట్టెల బండ్లు, మొత్తం అరవై నాలుగు. ఈ సంఖ్యలు నాకు నా పెళ్లి ముహూర్తం కన్నా బాగా గుర్తున్నాయి. నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. ఎవరూ అడగడం లేదు, అదే బాధ.

పెళ్లిచూపుల్లోనే నాకు అర్థం కావలసింది. ఇద్దర్నీ వరండాలో కూర్చోబెట్టి పెద్దలు లోపలికి వెళ్లారు. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"గద్వాల స్టేషన్ మీ ఇంటికి ఎంత దూరం?"

"రెండు కిలోమీటర్లు."

"రైలు కూత ఇనిపిస్తదా?"

"ఇనిపిస్తది."

"ఎంత అదృష్టవంతురాలివి!" అన్నాడు. నా కళ్లలోకి చూసి ఆయన అన్న మొదటి ప్రేమ మాట అది. కరిగిపోయాను.

ఆ తర్వాత ఇరవై నిమిషాలు ఆయనే మాట్లాడాడు. 2023 ఏప్రిల్ ఇరవై తొమ్మిదిన ఆఖరి 313 బండి ఆఖరిసారి నడిచిన ఘట్టం దగ్గరికి వచ్చేసరికి రుమాలు తీసి ముక్కు చీదుకున్నాడు. కర్టెన్ వెనకాల చెవి పెట్టిన మా ప్రేమలత పిన్ని లోపలికి పరుగెత్తి, "పిలగాడు మంచోడే గని అక్కా, ఎవలదో సావు ముచ్చట చెప్పుకుంట ఏడుస్తున్నడు" అని మా అమ్మతో చెప్పిందట. ఇంత మెత్తని మనసున్న అల్లుడు దొరకడని మా వాళ్లు అప్పటికప్పుడు ఖాయం చేసుకున్నారు. చూశారా! రైలు వల్ల జరిగిన మొదటి మేలు.

ఇక మేళ్లకు లెక్కే లేదు.

ఏ కొత్త కాపురంలోనైనా అత్తాకోడళ్లకు పడుతుందా? మాకు పడుతుంది. మా అత్త జోగులమ్మ, నేను ఒకే బాధితుల సంఘం. వెళ్లిన మొదటి రోజే ఆమె నా చెయ్యి పట్టుకుని, "నువ్వన్న ఇప్పుడొచ్చినవ్ బిడ్డా. నేను ఎన్మిదేండ్ల సంది ఇంటున్న. ఆ బండికి అరవై నాలుగు మంది అన్నదమ్ములంట. ఒక్కొక్కని పేరు చెప్తడు, చూడు" అంది. ఇంతటి ఐకమత్యం ఏ మంత్రి వచ్చి నచ్చజెప్పినా కుదురుతుందా?

పప్పు మాడింది. ఆయనకు తెలియలేదు. ఎందుకంటే అప్పుడు ఆయన మాటల్లోనే 313 ఎక్కి లండన్ సొరంగంలో ఉన్నాడు.

ఒకసారి ఆ రైలు గోలకు నాకు కోపం వచ్చి రెండు రోజులు ఫోన్ ఎత్తలేదు. మూడో రోజు ఎత్తితే, "గా రెండు దినాలల్ల ఒక కొత్త సంగతి తెలిసింది నవనీతా!" అన్నాడు. నేను అలిగానని చెప్పడానికి సందు దొరికేలోగా నేనే అలక మర్చిపోయాను. ఇలాంటి మనిషితో పోట్లాడటం ఎలాగో తెలిసినవాళ్లు దయచేసి నాకు చెప్పకండి.

విజ్ఞానం సంగతి సరేసరి! ఆ 313 బండిలో మూడు పెట్టెలున్నా ఒక్క టాయిలెట్ లేదట. దాన్ని తర్వాత దక్షిణాన బ్రైటన్ వైపు సముద్రం పక్క లైన్లకు పంపితే అక్కడి ప్రయాణికులు దీని గురించే మొత్తుకున్నారట. గద్వాల నుంచి వనపర్తి దాకా బస్సులో వెళ్లిన ఏ ఆడమనిషైనా ఈ మాట వింటే బ్రైటన్ అంటే ఆ దారిలోని మన పెబ్బేరు పక్క ఊరే అనుకుంటుంది.

అసలు గొప్పదనం ఇంకా చెప్పలేదు. ఈ బండికి రెండు రకాల కరెంటు పనిచేస్తుంది. ఊరి బయట నడిచేటప్పుడు నెత్తిమీద తీగల నుంచి తీసుకుంటుంది. లండన్ సొరంగంలోకి వెళ్లేటప్పుడు పట్టాల పక్కనుండే మూడో పట్టా నుంచి తీసుకుంటుంది. తీగను తాకే చట్రం పేరు పాంటోగ్రాఫ్, అది నడిమి పెట్టె మీద ఉంటుంది. డ్రేటన్ పార్క్ అనే స్టేషన్లో బండి ఆగి, ఆ పాంటోగ్రాఫ్ దించుకుని, కరెంటు మార్చుకుని కదులుతుంది.

ఈ సంగతి మా ఆయన చాలామందికి చెప్పాడు. ఎవరూ పట్టించుకోలేదు. కొత్తల్లుడిగా మా ఇంటికొచ్చి, మగ్గం పక్కన పీట వేసుకుని మా నాన్నకు చెప్పాడు.

"రెండు జాతుల కరెంటు, మామా! ఒక్కటే బండి!"

నాన్న చేతులు ఆపలేదు. "అండ్ల ఏముంది అల్లుడా? మన గద్వాల చీరెకు ఒళ్లంత నూలు, కొంగేమో పట్టు. రెండు జాతుల పోగులు, ఒక్కటే చీరె. ఇగ జెప్పు, వాళ్లు యాడ అతుకుతరు?"

"డ్రేటన్ పార్క్‌ల."

"బండి ఆపుతరా?"

"ఆపుతరు మామా."

"మరి! అతుకేసేటప్పుడు మగ్గం ఆపాలె గద!"

మా ఆయన లేచి నిలబడ్డాడు. ఎనిమిదేళ్లలో ఆయన్ను అర్థం చేసుకున్న మొదటి మనిషి గద్వాలలో గుంట మగ్గంలో కాళ్లు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు! ఆ ఆనందంలోనే ఆయన తన మొదటి కోరిక కోరాడు. నాకొక చీర కావాలట, 313 రంగుల్లో. నీలం ఒళ్లు, కిటికీల వెంట పోయే బూడిద రంగు అంచుగా, బండి ముఖానికుండే పసుపు కొంగుగా. ఫోటో చూపించి, "పసుపు రెండు కొసలకూ ఉండాలె మామా" అని చెప్పి వెళ్లిపోయాడు.

ఆయన చెప్పింది రైలు గురించి. మా నాన్న విన్నది చీర గురించి. కొత్తల్లుడు మొదటిసారి అడిగిన దాన్ని ఎందుకని అడగకూడదు కదా! నాన్న అడగలేదు. నూలు పోగుకు పట్టు పోగు ఒక్కొక్కటే అతికి ఒక పసుపు కొంగు నేశాడు. ఒళ్లంతా నీలం నేశాడు. మళ్లీ మగ్గం ఆపి, మళ్లీ పోగుకు పోగు అతికి, రెండో కొసకు ఇంకో పసుపు కొంగు నేశాడు.

చీర మగ్గం మీంచి దించిన రోజు మా అమ్మ అనంతమ్మ నెత్తిన చేతులు పెట్టుకుంది. "రెండు కొంగులేంది? ఎవలన్న జూస్తే నవ్వరా?"

"అల్లుడు అడిగిండు" అన్నాడు నాన్న.

పక్కింటి బాలన్న నేతలో పండినవాడు. కళ్లద్దాలు తుడుచుకుని ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు చూశాడు. "ఈశ్వరయ్యా, దీనికి ముందేది, ఎన్కేది?"

నేను చెప్పాను, "లేవు పెదనాయినా. రెండు దిక్కుల డ్రైవర్ కూసుంటడు. బండి తిరగాల్సిన పని లేదు."

బాలన్న మా నాన్న వైపు జాలిగా చూసి వెళ్లిపోయాడు.

నవ్వేవాళ్లు నవ్వండి. ఆ చీరంత సౌకర్యం ఇంకోటి లేదు! శనివారం గద్వాలలో ఒక కొంగు భుజం మీద వేసుకుని రెండోది కుచ్చిళ్ల లోపల దోపుతాను. సోమవారం నాగర్‌కర్నూల్‌లో తిప్పి కడతాను. డ్రైవర్ ఈ క్యాబిన్ నుంచి ఆ క్యాబిన్‌కు నడిచి వెళ్లినట్టే. నేసినప్పటి నుంచీ ఆ చీరలో నేను అటూ ఇటూ తిరుగుతున్నాను. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి వెళ్తున్నానన్న భావన కలగలేదు.

మా డ్రేటన్ పార్క్ వనపర్తి బస్టాండు. గద్వాల బస్సు దిగి నాగర్‌కర్నూల్ బస్సు ఎక్కేది అక్కడే. సరిగ్గా నేను దిగే వేళకు మా ఆయన ఫోన్ వస్తుంది.

"పాంటోగ్రాఫ్ దించినవా?"

"దించిన."

ఒకసారి వెంకటన్న అనే కండక్టర్ విని, "ఏం దించినవమ్మా? పైన లగేజీ ఏమన్న ఉందా?" అని బస్సు ఆపించి, జర ఆగమని డ్రైవర్‌కు కేకేసి, నిచ్చెనెక్కి టాపు మీద వెతికాడు. దొరకలేదు పాపం. నలభై మంది ప్రయాణికులు నన్ను అదోలా చూశారు. దాంపత్యంలో ఇలాంటి చిన్న చిన్న సుఖాలు మీకెక్కడివి?

కొత్త పెళ్లికూతుర్ని ఆషాఢంలో పుట్టింటికి పంపి నెల రోజులు దూరం పెడతారు కదా. మా ఇరుగుపొరుగు ఆషాఢమంతా నన్ను ఆటపట్టించారు. నాకు తేడా ఏమీ తెలియలేదు. శ్రావణం వచ్చింది. అప్పుడూ తెలియలేదు.

ఇంతవరకు రాసి ఇక్కడ కలం ఆపేద్దామనుకున్నాను. నా వాదన నెగ్గినట్టే కదా. కానీ పోయిన శనివారం సంగతి చెప్పకపోతే అన్యాయమవుతుంది.

ఆ రోజు ఆయన పుట్టినరోజు. రెండు కొంగుల చీర కట్టుకుని, అమ్మ చేసిన సజ్జ రొట్టెలు డబ్బాలో పెట్టుకుని బయల్దేరాను. పెబ్బేరు దగ్గర బస్సు టైరు పంచర్. ముప్పావు గంట ఎండలో నిలబడ్డాం. వనపర్తిలో దిగి ఫోన్ కోసం చూస్తుంటే, ఎదురుగా సిమెంటు బెంచీ మీద మా ఆయన! మోటార్‌సైకిల్ వేసుకుని అక్కడిదాకా వచ్చేశాడు. నా సంతోషం చూడాలి మీరు! చిన్నపిల్లలా గంతేశాను. డబ్బా మూత ఊడి రెండు రొట్టెలు కిందపడ్డాయి.

ఆయన వాటిని ఏరి దులుపుతూ మెల్లగా చెప్పాడు. "పొద్దుగాల పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ కాలింది. ఆరు గంటలకు నేను ఆడ ఉండాలె. రేపంత డ్యూటీనే. అమ్మ గూడ కల్వకుర్తి పోయింది. నువ్వొచ్చి తాళం పెట్టిన ఇంట్ల ఏం జేస్తవు? ఫోన్ల జెప్తే నువ్వు పరేషాన్ అయితవని నేనే వచ్చిన."

మాకు మిగిలింది ఒక గంట. టైరు పంచర్ కాకపోతే రెండు గంటలకు కాస్త తక్కువ ఉండేది. బెంచీ మీద కూర్చుని సజ్జ రొట్టెలు తిన్నాం. రెండు మిర్చి బజ్జీలు తెచ్చుకున్నాం. కొంగుతో ఆయన నుదురు తుడిచాను. ఆయన వేళ్లకు నల్లగా గ్రీజు మరకలు. నా చెయ్యి పట్టుకుని అలాగే కూర్చున్నాడు.

పాఠకులారా, ఆ గంటలో మా ఆయన క్లాస్ 313 గురించి ఒక్క మాట మాట్లాడలేదు!

నాకు భయం వేసింది. జ్వరమేమోనని నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాను. చల్లగానే ఉంది. అప్పుడు అర్థమైంది. నేను పక్కనుంటే ఆయనకు ఏ రైలూ అక్కర్లేదు. ఎనిమిదేళ్ల పిచ్చి ఒక్క గంటలో కుదిరింది. వైద్యం దొరికింది. డోసు మాత్రం వారానికి ఒక్కటే.

ఆయన బండి నాగర్‌కర్నూల్ వైపు, నా బస్సు గద్వాల వైపు వెళ్లిపోయాయి. ఇంటికొచ్చేసరికి నాన్న అరుగు మీద ఉన్నాడు. నన్ను చూడలేదు, భుజం మీది కొంగును చూశాడు. నేసినవాడు కదా, ఏ కొంగు ఏదో ఆయనకు తెలుసు.

"కొంగు మార్చలే బిడ్డా?"

"లేదు నాయినా."

"వనపర్తి దాటలే?"

దాటలేదని తల ఊపాను. నాన్న ఆ కొంగు కొసను వేళ్ల మధ్య పట్టుకుని చూశాడు. తర్వాత, "ఆ బండికి నడిమి పెట్టె మీద ఏమో ఉంటదంటివి?" అన్నాడు.

"పాంటోగ్రాఫ్."

"మంచిది. ఇంకో చీరె నేస్త. నడిమిట్ల గూడ ఒక కొంగు పెడ్త. వనపర్తికి."

అయ్యా, రైళ్లు వేసే పెద్దలారా! ఇప్పుడు మీతో మాట. మా గద్వాలలో రైలు ఆగుతుంది, కాదనను. కానీ అది మా ఆయనుండే దిక్కుకు వెళ్లదు. వనపర్తి పేరు పెట్టుకున్న స్టేషన్ వనపర్తిలో లేదు. నాగర్‌కర్నూల్‌కు పట్టాయే లేదు. గద్వాల నుంచి వనపర్తి, నాగర్‌కర్నూల్ మీదుగా లైన్ వస్తుందనే మాట నేను పుట్టకముందు నుంచీ ఉంది. అక్కడెక్కడో బండ్లు కట్టారు, నలభై ఆరేళ్లు తిప్పారు, రిటైర్ చేశారు. బండి పోయింది, చరిత్ర మిగిలింది. మాకు బండి రాకముందే చరిత్ర తయారైపోయింది!

నాకు పెద్ద కోరికలు లేవు. సాయంత్రం ఆరింటికి సబ్‌స్టేషన్ నుంచి బయల్దేరిన మనిషి రాత్రి అన్నానికి ఇంట్లో ఉండాలి. మూడు పెట్టెలు చాలు. టాయిలెట్ లేకపోయినా సరే, ఆపుకుంటాను.

కాస్త తొందరగా కానివ్వండి. నాన్న మూడు కొంగుల చీరకు పడుగు సిద్ధం చేస్తున్నాడు.